ఐదు నెలల ముందు

పద్నాలుగో భాగం

పోయిన వారం మనం సుబ్బన్నను మిట్టమధ్యాహ్నపు ఎండలో, నొప్పులు పడుతున్న గొర్రె పక్కన గొంతుకూర్చోబెట్టి వచ్చేశాం. అరవై తొమ్మిదేళ్ళ మనిషిని వారం రోజులు అట్లా ఉంచడం న్యాయం కాదు. అయినా ఆయన మీద జాలిపడడానికి తొందరేం లేదు. జాలి ఎవరి మీద పడాలో ఈ భాగం చివరికొచ్చేసరికి మీరే తేల్చుకోండి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. హనుమంతునిపాడు దాటాక మెట్ట పొలాల మధ్య ఒక చిన్న ఊళ్ళో సుబ్బన్నకు ఎనభై గొర్రెల మంద ఉంది. పెద్ద కొడుకు మహేంద్ర కిడ్నీలు చెడిపోయి ఏడాదిన్నర కిందట పోయాడు. మందను అమ్మి ఆపరేషన్ చేయించమని కోడలు గోపిక మామ కాళ్ళావేళ్ళా పడింది. సుబ్బన్న అమ్మలేదు. తల్లి రాఘవమ్మ తన కిడ్నీ ఇస్తానని ఒంగోలు పోయి పరీక్షలన్నీ చేయించుకుంది. రిపోర్టులు తెచ్చింది సుబ్బన్నే. ఆమెది కుదరదన్నారని చెప్పిందీ ఆయనే. ఆ రోజు నుంచి రాఘవమ్మ "కన్నదాన్ని, నా ఒళ్ళే నా బిడ్డకు పనికిరాకపాయె" అని తనను తానే తిట్టుకుంటూ బతుకుతోంది.

ఇప్పుడు గోపిక చనిపోయిన భర్త వాటా అడుగుతోంది. నలభై గొర్రెలు విడదీసి ఇస్తే ఆరేళ్ళ కూతురు వెన్నెలను తీసుకుని కనిగిరి పక్కన పుట్టింటి ఊరికి పోయి బతుకుతానంటోంది. వేసవి సెలవులని పిల్లను ముందే అక్కడికి పంపేసింది కూడా. రేపు సోమవారం రాఘవమ్మ తమ్ముడు మధుసూదన్ చంద్రశేఖరపురం నుంచి వచ్చి, కులపెద్దగా మందను పంచాలి. సరిగ్గా ఇప్పుడే, మే నెల మధ్యలో, గొర్రెలు ఈనడం మొదలుపెట్టాయి.

మే నెలలో గొర్రె ఈనడమంటే ఏమిటో ఆ వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళకు చెప్తాను. అక్కడి కాపరులు పొట్టేలు కడుపు కింద ఒక గోతంగుడ్డ కడతారు. అది ఉన్నన్నాళ్ళు పొట్టేలు మందలో తిరుగుతుందే గాని గొర్రెతో కలవలేదు. వైశాఖం చివర ఆ గుడ్డ విప్పుతారు. అక్కణ్ణించి ఐదు నెలలు లెక్కేసుకుంటే, వానలు పడి బీళ్ళలో గడ్డి లేచిన అక్టోబరులో పిల్లలు పుడతాయి. తల్లికి మేత దొరుకుతుంది, పిల్లకు పాలు దొరుకుతాయి. మే నెలలో పుడితే ఆ రెండూ ఉండవు. తర్వాత గుడ్డ మళ్ళీ కట్టేస్తారు. మళ్ళీ వైశాఖం దాకా అది ఊడకూడదు.

మొన్న డిసెంబరులో గోపిక దాన్ని విప్పింది. ఎందుకు విప్పిందో చెప్తాను. మహేంద్ర సంవత్సరీకం నాడు, భోజనాలయ్యాక, సుబ్బన్న చుట్టాల మధ్య కూర్చుని తాంబూలం నములుతూ ఒక మాటన్నాడు. "వాడు పోయినా మంద నిలిచింది. అమ్మి ఉంటే వాడూ పోయేవాడు, మందా పోయేది." నలుగురు తలలూపారు. గోపిక ఎంగిలాకులు ఎత్తుతూ విన్నది. మర్నాడు మందను తోలుకుపోయి, ఊరు కనుమరుగయ్యాక పొట్టేలు గుడ్డ విప్పింది. సాయంత్రం దొడ్డికి తోలే ముందు మళ్ళీ కట్టింది. ఇరవై రోజులు రోజూ అదే పని చేసింది. ఈ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు. సుబ్బన్నకు తెలియదని గోపిక ధీమా.

సుబ్బన్న ముందుచూపు ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో పేరుబడ్డది. పెళ్ళికి పోతే తిరుగు బస్సు ఎన్నింటికో కనుక్కున్నాకే అక్షింతలు వేసే మనిషి. తాను పోయాక పూడ్చాల్సిన చోటు చేని గట్టున చూపించి, అక్కడ కంప మొలవకుండా ఏటా గీకిస్తాడు. కార్తీకంలోనే ఎండాకాలపు మేత కొట్టంలోకి చేరుస్తాడు. తుమ్మకాయలు, కందిపొట్టు, వేరుశనగ కట్టె దేని మూల దానిదే.

గొర్రె చెవి కోత విషయంలోనూ అంతే. పెళ్ళినాడు రాఘవమ్మ వెంట పుట్టింటి నుంచి పన్నెండు గొర్రెలు వచ్చాయి. వాటి ఎడమ చెవికి ఆ ఇంటి గుర్తుగా రెండు గాట్లు ఉండేవి. మంద ఇల్లు మారినప్పుడు గుర్తు మార్చడం ఆనవాయితీ. సుబ్బన్న మార్చలేదు. "మా బామ్మర్దులది మనుషులున్న ఇల్లు. ఆ గాట్లు చూస్తే దొంగ కూడా జంకుతాడు" అన్నాడు. నలభై ఐదేళ్ళుగా పుట్టిన ప్రతి పిల్లకూ రాఘవమ్మ పుట్టింటి గాట్లే పడ్డాయి. మందల తగాదాలో పెద్దమనుషులు మొట్టమొదట చూసేది చెవినేనని ఆయనకు తెలియక కాదు. ఈ ఇంట్లో అట్లాంటి తగాదా రాదని ఆయన లెక్క.

ఇక దొడ్డిలోకి పోదాం.

కంపదడి లోపల నేల పెనంలా కాలుతోంది. ఒక పక్కన మూడు గంపలు బోర్లించి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో రాయి. గంపల కింద నుంచి పిల్లల అరుపులు వస్తున్నాయి. నిన్నటి రెండింటి గొంతు సన్నబడింది, ఈ రోజు పొద్దున పుట్టినది ఇంకా గట్టిగానే అరుస్తోంది. చిన్న కొడుకు సతీష్ రేకుల నీడన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు. ఆ అరుపులు వినబడకుండా చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.

గొర్రె ఒక్కసారి మూలిగింది. పిల్ల జారి నేల మీద పడింది. తల్లి తల తిప్పి మూతి చాపింది.

"నాకనియ్యొద్దు. తీసుకో" అన్నాడు సుబ్బన్న.

గోపిక కదల్లేదు.

"చెప్తుంటే వినబళ్ళేదా అమ్మాయ్? నాకిందంటే దాని వాసన దీనికి పడతాది. వాసన పడితే ఇంక ఒంట్లో ఉన్నదంతా పాలుజేసి పోస్తాది. పదినాళ్ళకు తల్లీ చస్తాది, పిల్లా చస్తాది. నాకకముందే తీస్తే తల్లన్నా మిగుల్తాది. తీ."

గోపిక వంగి పిల్లను రెండు చేతుల్లోకి తీసుకుంది. అది తడిగా, వెచ్చగా ఉంది. గుండె ఆమె అరచేతికి తగిలి కొట్టుకుంటోంది. తల్లి లేచి గుండ్రంగా తిరిగింది. పిల్ల పడ్డ చోట తడిసిన మట్టిని వాసన చూసి ఆ మట్టినే నాకడం మొదలుపెట్టింది. ఐదు నెలల కింద గుడ్డ విప్పినప్పుడు గోపిక ముసలాడి మొహం ఎట్లా పాలిపోతుందో ఊహించుకుంది. ఆ మొహం కోసమే ఎదురుచూస్తూ పొద్దులు వెళ్ళదీసింది. కానీ ఈ పిల్లల గుండె తన చేతుల్లో కొట్టుకుంటుందని ఊహించుకోలేదు.

నాలుగో గంప బోర్లించి రాయి పెట్టింది. సుబ్బన్న మొహం పాలిపోలేదు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుని తర్వాతి గొర్రె పొదుగు తడిమి చూస్తున్నాడు.

"ఇంకా ఎన్ని ఉన్నాయి మామా?" అంది గోపిక. ఏదో ఒకటి అడగకపోతే ఏడుపొచ్చేటట్టుంది.

"యాభై ఎనిమిది. మొత్తం అరవై రెండు. నాలుగు అయినాయి గదా."

అలవాటుగా అనేశాడు. గోపిక చేతులు కొంగుకు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది. నిన్న మొదటి గొర్రె ఈనినప్పుడు ఊరంతా వినేటట్టు "ఇదేం పాడుకాలం, ఇదెట్ల జరిగింది" అని నెత్తి కొట్టుకున్న మనిషి ఇతనే. ఎట్లా జరిగిందో తెలియనివాడికి అరవై రెండని ఎట్లా తెలుసు?

"నీకెట్ల తెలుసు?" అంది.

సుబ్బన్న పొదుగు మీంచి చెయ్యి తీశాడు. నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. అందుకే గోపికకు భయం వేసింది.

"పుష్యమాసంలో అనుమానమొచ్చింది. గొర్రెల నడుముల మీద పొట్టేలు కాళ్ళ మట్టి ఉన్నింది. గుడ్డ చూస్తే ముడి నాది కాదు. నేను కుడివైపు లాగి ముడేస్తా, అది ఎడమవైపుంది. శివరాత్రి దాటినాక ఒక్కోదాని కడుపు తడిమినా. అరవై రెండు."

"మరి అప్పుడే..."

"అప్పుడే ఎందుకు అడగలేదంటావా? అడిగితే ఏమొస్తాది నాకు? ఏడుస్తావు. కాళ్ళు పట్టుకుంటావు. కోడలు పిల్ల మొగుడు పోయిన బాధలో చేసిందిలే అంటారు జనం. నీ నలభై గొర్రెలు నీకు వస్తాయి." ఆయన లేచి నడుం పట్టుకుని నిలబడ్డాడు. "సతీషూ, మీ వదినకు ఆ వీడియో చూపియ్."

సతీష్ ఇయర్‌ఫోన్ ఒకటి తీశాడు. వదిన వైపు చూడకుండా ఫోన్ అటు తిప్పాడు. చిల్లకంప పొదల సందుల్లోంచి తీసిన వీడియో. బీట్లో గోపిక పొట్టేలు కొమ్ము పట్టుకుని వంగి ఉంది. గుడ్డ విప్పి, మడిచి, నడుము దగ్గర దోపుకుంది. అంతే, నలభై సెకన్లు.

"సారీ వదినా. నాయన తియ్యమన్నాడు" అని సతీష్ మళ్ళీ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు.

"చూసి కూడా విప్పనిచ్చినావు. అరవై రెండు పిల్లలు మామా! ఇవి ఇట్ల గంపల కింద చస్తాయని తెలిసీ ఊరికే ఉన్నావు."

"విప్పింది నేనా?" అన్నాడు సుబ్బన్న నెమ్మదిగా. "చూడమ్మాయ్. పిల్లలు పోతే ఒక్క ఏడు పోతాది. వచ్చే ఏడు అక్టోబరుకు మళ్ళా పుడతాయి. సగం మంద నీ వెంట పోతే మళ్ళా రాదు. నాకు డెబ్బై వస్తున్నాయి, ఇంకో నలభై గొర్రెల్ని పెంచేంత ఆయుష్షు లేదు. ఏది పోగొట్టుకుంటే ఏది నిలుస్తాదో ముందే చూసుకోవాల. నేను చూసుకున్నా."

"తల్లులు మిగలవు. పోయిన అక్టోబరులో ఈనినవే ఇవన్నీ. ఒంట్లో ఏముందని?"

"మిగుల్తాయి. శివరాత్రి తర్వాత ఇరవై బస్తాలు తుమ్మకాయలు ఎక్కువ ఏరించినా. గుర్తుందా?"

గోపికకు గుర్తుంది. ఏరింది ఆమే. మార్చి ఎండలో రోజుకొక బస్తా చొప్పున, చేతులు ముళ్ళు గీరుకుపోతుంటే ఏరింది. కొట్టంలో ఇంత మేత ఉండగా ఇదెందుకని మనసులో నవ్వుకుంది కూడా. ముసలాడికి చాదస్తం ముదిరిందనుకుంది. తన పగను తట్టుకోవడానికి ముసలాడు తన చేతనే మేత ఏరించుకున్నాడన్నమాట. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. దడికి ఆనుకుంది. కంపముళ్ళు వీపులో గుచ్చుకున్నా కదల్లేదు.

సుబ్బన్న దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. పెళ్ళిచూపుల నాడు కూడా ఆమెతో అంత మెత్తగా మాట్లాడలేదు.

"రేపు మీ చిన్నమామ మధుసూదన్ వస్తాడు. నువ్వే చెప్పాల. నాకు పంపకం వద్దు, మంద ఒక్కటిగానే ఉండనీయండి, నేనూ నా బిడ్డా ఈడనే ఉంటాం అని చెప్పు. చెప్తే ఆ వీడియో ఉండదు. చెప్పకపోతే అందరి ముందరా సతీష్ ఫోన్ తీస్తాడు. మందకు ద్రోహం చేసిన ఆడదానికి వాటా ఇచ్చే పెద్దమనిషి మన కులంలో ఇంకా పుట్టలేదు. బిడ్డను కూడా నీ కాడ ఉంచుతారో లేదో."

"బిడ్డ మాట ఎత్తొద్దు మామా."

"ఎత్తకుండా ఉండాల్నంటే రేపు నోరు మంచిగా తిప్పు." ఆయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత మామూలు గొంతుతో అన్న మాట బెదిరింపు కాదు, మెచ్చుకోలు. అది ఇంకా ఘోరంగా ఉంది. "నిజం చెప్తున్నా గోపికా. నాకు కోపం లేదు. సతీష్ గానికి రేపు పొద్దున ఏం తినాల్నో తెలీదు. మహేంద్ర ఉన్నప్పుడు వాడూ అంతే, చేతికి ఏదొస్తే అది. రాఘవమ్మ సంగతి వదిలెయ్. ఈ ఇంట్లో ఐదు నెలల అవతల ఏం జరగాల్నో ఇయ్యాళే చూడగలిగేది ఇద్దరమే. నేనొకన్ని, నువ్వొకదానివి. నా తర్వాత ఈ మంద నీదే. నాకు నువ్వు కూతురిగా పుట్టాల్సింది."

తిట్టినా, కొట్టినా, వీడియో ఊరంతా తిప్పినా గోపికకు ఇంత అసహ్యం వేసేది కాదు. ఐదు నెలలు ఆమె కూడబెట్టుకున్న పగ ఈయన కంటికి నేర్చుకున్న పాఠంలా కనబడింది. అది కాదనడానికి లేదు. ఆ పిల్లల్ని గంపల కింద పెట్టింది ఈయనే అయినా, అవి చావడానికి పుట్టేటట్టు చేసింది తనే. అది ఆమెకు తెలుసు.

అప్పుడే ఆమె కళ్ళు ముసలాయన భుజం మీదుగా పోయాయి. దడి బయట, తడక తెరిచిన చోట, అంబలి క్యాను నెత్తిన పెట్టుకుని రాఘవమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, గంపల కింది అరుపులు, లోపలి మాటలు విని ఆగినట్టుంది. లోపలికి రావాలా వద్దా అని చూస్తోంది. సుబ్బన్న వీపు ఆమెకు. సతీష్ కళ్ళు ఫోన్‌లో.

గోపిక అత్తను చూసింది. పిలవచ్చు. "అత్తా, వచ్చినావా" అని ఒక్క మాట అంటే ముసలాయన నోరు మూసుకుంటాడు. ఆమె పిలవలేదు. రేపటి పంపకంలో మధుసూదన్ వినేది అక్క మాటే. అక్క ఎటు మొగ్గితే మంద అటు మొగ్గుతుంది. ఇదంతా గోపికకు కన్ను మూసి తెరిచేలోగా తట్టింది. కొడుకు విషయంలో మొగుడు లెక్కలేసుకున్నాడని రాఘవమ్మ తన చెవులతో వినాలి. వింటే ఆమె గుండె ఏమవుతుందన్నది కూడా తట్టింది. తట్టినా ఆగలేదు.

"మహేంద్ర సంగతి కూడా ఇట్లనే ముందే ఆలోచించుకున్నావా మామా?" అంది, తడక దాకా వినబడేటట్టు.

సుబ్బన్నకు ఆ ప్రశ్న నచ్చింది. ఏడాదిన్నరగా ఎవరికీ చెప్పుకోలేని గొప్ప పని ఆయనలో ఇరుక్కుని ఉంది. వినదగ్గ మనిషి ఇన్నాళ్ళకు దొరికింది.

"ఆలోచించబట్టే ఇయ్యాళ మీరంతా అన్నం తింటున్నారు. ఆపరేషనుకు మంద మొత్తం పోవాల. సరే పోయిందనుకో. తర్వాత జన్మంతా మందులు. దేంతో కొంటాం? ఇంక వాడు బరువు మోసేవాడా, బీడు తిరిగేవాడా? వాన్ని బతికిస్తే ఇంట్లో అందరం కూలికి పోవాల. వాన్ని వదులుకుంటే మిగతా ఐదుగురం నిలుస్తాం. నెలరోజులు ఆలోచించినా నేను. నిద్ర లేదు. ఊరికే వదిలెయ్యలే."

"అమ్మలేనని చెప్పింది నాకు తెలుసు" అంది గోపిక. "కానీ అత్త కిడ్నీ కుదిరుంటే నువ్వే ఒప్పుకునేవాడివేమో అనుకున్నా ఇన్నాళ్ళూ. కుదరలేదు గాబట్టి..."

"కుదిరింది" అన్నాడు సుబ్బన్న.

గోపిక వల వేసింది ఈ మాట కోసం కాదు. ఇట్లాంటి మాట ఒకటి ఉందనే ఆమెకు తెలియదు.

"రాఘవమ్మది బాగా సరిపోతాదని డాక్టరు నవ్వుతా చెప్పినాడు. కాయితం నా చేతిలో పెట్టినాడు. ఒంగోలు బస్టాండులో కూచోని మూడు బస్సులు పోనిచ్చినా. సరిపోయిందని చెప్తే ఆమె ఆగుతాదా? ఆపరేషన్ బల్ల ఎక్కి పడుకుంటాది. మంద అమ్మేదాకా ఊరుకోదు. వాడు మంచంలో, ఈమె మంచంలో. అంతా ముందే కనబడింది నాకు. నాలుగో బస్సు ఎక్కేముందర ఆ కాయితం చించేసినా. ఇంటికొచ్చి కుదరలేదని చెప్పినా. ఆమెకూ అదే మేలు. ఇయ్యలేకపోయినానని ఏడుస్తాది గాని, ఒళ్ళు నిండుగా ఉన్నాది గదా."

తడక దగ్గర చప్పుడైంది. క్యాను కింద పడలేదు. రాఘవమ్మ దాన్ని రెండు చేతులతో దించి, ఒలికిపోకుండా రాయి పక్కన పెట్టింది. కొంగు సర్దుకుంది. లోపలికి నడిచి వచ్చింది.

సుబ్బన్న తిరిగి చూశాడు. ఆయన మొహం ఇప్పుడు పాలిపోయింది. గోపిక ఐదు నెలలు ఎదురుచూసిన మొహం అదే. చూస్తే ఆమెకు ఏ సుఖమూ కలగలేదు.

రాఘవమ్మ అరవలేదు. మొగుడికి రెండడుగుల దూరంలో నిలబడింది. చీర కుచ్చిళ్ళ పైన నడుముకు రెండు పక్కలా అరచేతులు ఆనించుకుంది.

"ఏ పక్కది?" అంది.

సుబ్బన్నకు అర్థం కాలేదు.

"ఏ పక్కది తీసి వానికి పెడతామన్నాడు డాక్టరు? కుడిదా, ఎడమదా?"

"ఇప్పుడు అదెందుకే..."

"చెప్పు. ఏడాదిన్నర నేను దీన్ని తిట్టుకున్నా. ఏ పక్కదాన్ని తిట్టుకున్నానో తెలియాల గదా నాకు."

జన్మలో మొదటిసారి ముసలాయన దగ్గర ముందుగా ఆలోచించి పెట్టుకున్న జవాబు లేదు. డాక్టరు ఆ సంగతి చెప్పాడో లేదో కూడా ఆయనకు గుర్తు లేదు. అది ఆయన లెక్కలోకి రాని విషయం.

రాఘవమ్మ ఆయన్ను దాటి గంపల దగ్గరికి పోయింది. రాయి పక్కకు నెట్టి చివరి గంప ఎత్తింది. ఇందాక పుట్టిన పిల్ల వణుకుతూ ఉంది. దాన్ని తెచ్చి తల్లి ముందు వదిలింది. తల్లి ఒకసారి వాసన చూసింది. పిల్ల ఒళ్ళు అప్పటికే ఎండకు ఆరిపోయింది. గొర్రె తల వంచి దాన్ని కుమ్మింది. పిల్ల పడి, లేచి మళ్ళీ పొదుగు కిందికి పోయింది. గొర్రె మళ్ళీ కుమ్మింది. రాఘవమ్మ మూడుసార్లు అట్లా చూసింది. నాలుగోసారికి పిల్లను ఎత్తి తన చంకలో పెట్టుకుంది.

గోపిక దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకోబోయింది. "అత్తా... నాకు తెలీదు అత్తా. ఈ మాట ఉందని నాకు నిజంగా..."

"నేను తడక కాడ ఉన్నది చూసినావు గదా నువ్వు?"

గోపిక చెయ్యి గాల్లోనే ఆగింది.

"నన్ను చూసినావు. చూసినాకనే ఆయన్ను అడిగినావు. అత్తా రా అని పిలవలే." రాఘవమ్మ కోడలి కళ్ళల్లోకి చూసింది. "ఈ పిల్లల్ని చంపుకునేదానికి నువ్వు ఐదు నెలల ముందే ఆలోచించినావు. నా కొడుకును చంపుకునేదానికి ఈయన నెల ముందు ఆలోచించినాడు. ఆయన సరిగ్గానే చెప్పినాడు. నువ్వు ఆయనకు పుట్టాల్సింది."

ఆ మాటకు గోపిక ఏడ్చింది. మొగుడు పోయినప్పటి నుంచి ఎవరి ముందూ ఏడవని మనిషి, మొహానికి కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. రాఘవమ్మ ఊరడించలేదు.

"సతీషూ" అని చెవిలోది పీకేసింది. "మీ మామకు ఫోన్ చెయ్. స్పీకరు పెట్టు."

సతీష్ నాయన వైపు చూశాడు. నాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. అమ్మ మొహం చూశాక వాడు నాయన మాట వినలేదు. రెండు రింగులకే అవతల ఎత్తారు.

"అక్కా! రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాలే."

"మధూ, ఒక మాట చెప్పు. ఈ మందకు చెవి కోత ఎవరిది?"

"మనదే గదా. నీ పెండ్లికి నాయన తోలించిన పన్నెండు గొర్రెలవే అన్నీ. ఏందక్కా, బావ ఏమన్నా తగాదా పెడుతున్నాడా?"

"చెవి మనదైతే మాట నాదేనా?"

"నీ మాటే. పెద్దమనుషులు ఎవరొచ్చినా అదే చెప్తారు."

రాఘవమ్మ చంకలోని పిల్ల నోటికి చిటికెన వేలు అందించింది. అది చీకడం మొదలుపెట్టింది. దాని వైపే చూస్తూ చెప్పింది.

"అయితే రేపు పంచేదానికి రావొద్దు. లారీ తీసుకొనిరా. గొర్రెల వ్యాపారిని గూడా ఎక్కించుకొనిరా. ఎనభై గొర్రెలు, పొట్టేలు, కొట్టంలో ఉండే మేత, అన్నీ పోతాయి. ఒక్క కాలి గిట్ట గూడా ఈ దొడ్లో మిగలగూడదు. అప్పుడు అమ్మాల్సింది. ఇప్పుడు అమ్ముతున్నా."

"వద్దు!"

ఆ మాట రెండు గొంతుల్లోంచి ఒక్కసారే వచ్చింది. సుబ్బన్న గోపిక వైపు చూశాడు. గోపిక సుబ్బన్న వైపు చూసింది. ఇద్దరూ ఒక్క అడుగు ముందుకేసి, ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు.

ఫోన్‌లో మధుసూదన్ గొంతు కంగారుగా వినబడింది. "ఎవరక్కా ఆ అరిచింది? బావేనా?"

"మీ బావొకడే కాదురా, ఇద్దరూ" అంది రాఘవమ్మ. "లారీ ఎండ ముదరకముందే రావాల."